పీఠం మీద ఆరిపోయిన పుట

గోళ్లకు నెత్తురంటిన వేళ కూడా బిడ్డ మీద చూపు చల్లగానే ఉంచిన నరసింహస్వామికి ముందుగా నా దండం. ఆయన పేరు తలవకుండా మా ఇంట్లో ఏ గ్రంథమూ విప్పేవాళ్లం కాదు. పోయిన వారం చింతామణి టౌనులో పుస్తకాలు చదివే యంత్రం కొనబోతూ అంగడి మెట్టు మీద కూడా ఆ పేరే అనుకున్నాను.

అంగడాయన రెండు తీసి ఎదుట పెట్టాడు. ఒకటి ట్యాబు, నిగనిగలాడుతూ రంగుల్లో వెలిగేది. రెండోది ఇ-రీడరు, బూడిద మొహంతో బడిపిల్లల పలక మాదిరి ఉంది. “ట్యాబు తీసుకోండమ్మా, పాటలు, సినిమాలు అన్నీ వస్తాయి. ఈ పలకలో అక్షరాలు తప్ప ఏముండాయి?” అన్నాడు. ఒకసారి చార్జి పెడితే ఏది ఎక్కువ దినాలు వస్తుందని అడిగాను. పలకే, వారాల కొద్దీ వస్తుందన్నాడు. ట్యాబు అద్దంలో నా మొహం కనబడితే చూపు తిప్పుకున్నాను. ఆరేళ్ల కిందట అలాంటి అద్దం మీదే మా చిన్నాన్న నెత్తురు చూశాను.

బాగేపల్లి దగ్గర మా ఊరి భజన మందిరంలో శనివారం సాయంత్రం పెదనాన్న పురాణం చదివేవాడు. తాతగారు చనిపోతూ గ్రంథం పెట్టుకొనే వ్యాసపీఠం ఆయన చేతికిచ్చారు. చిన్నాన్న చేతికి ఇత్తడి తాళాలొచ్చాయి. చిన్నాన్న ఆ తాళాలను ముప్ఫై ఏళ్లు కోపంతోనే వాయించాడు; భక్తి అనుకుని అందరం తలలూపాం. గ్రంథం చినిగిపోయింది. చినిగినది పీఠమెక్కకూడదు కనుక చిత్రావతిలో వదిలాం. ఆ ఏడు ఏట్లో నీళ్లుండడమే స్వామి దయ. పెదనాన్న చూపు అప్పటికే మసక. నేను ట్యాబు కొన్నాను. ఆనాడూ పలక చూపించారు, పీఠం మీద కళగా ఉండదని నేనే వద్దన్నాను. ట్యాబుకు గంధం, కుంకుమ పెట్టి, పెదనాన్న కళ్ల కోసం వెలుతురు నిండా పెంచాను.

మా పారాయణంలో ఒక కట్టుబాటుంది. రాక్షస సంహారం దగ్గర చదువు ఆపకూడదు. స్వామి కోపం దిగి బిడ్డను ఒళ్లోకి తీసుకొనే దాకా చదివి, హారతి ఇచ్చాకే లేవాలి. ఆపితే ఆ కోపం చదివిన చోటనే కూర్చుంటుందంటారు. ఆరేళ్ల కిందటి ఆ సాయంత్రం కరెంటు లేదు. రాక్షసుడి పొట్ట చీల్చే ఘట్టంలో పెదనాన్న గర్జిస్తున్నాడు, పేగులు బయటికి వస్తున్నాయి. ట్యాబు ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది.

ఆయన కళ్లు మూసుకొని జ్ఞాపకం మీద సాగించాడు. ఒక పాదం తప్పింది. చిన్నాన్న కూర్చున్న చోటినుంచే దిద్ది, నవ్వాడు. “కండ్లు పాయె, ఇప్పుడు జ్ఞాపకమూ పాయెనా అన్నా? లెయ్యి, నేను చెప్తా.”

పెదనాన్న లేవలేదు. పీఠాన్ని ట్యాబుతో సహా ఎత్తి తమ్ముడి మొహం మీద కొట్టాడు. కొయ్య అంచు కనుబొమ చీల్చింది. కింద పడిన అద్దం మీద కుంకుమ ఏదో నెత్తురు ఏదో తెలియలేదు. చిన్నాన్న తాళం తిప్పి అన్న చేతి మీద వేశాడు. అక్షరాల కింద పరుగెత్తే చూపుడువేలు పుల్లలా విరిగిన చప్పుడు నాకు వినబడింది. మళ్లీ వీపు మీద, మళ్లీ భుజం మీద. నాలుగోసారి లేచిన చేతికి నేను అడ్డం పోతే నా మోచేయి చిట్లింది. గోవిందా అన్న నోళ్లతోనే బూతులు తిట్టుకుంటూ జనం ఇద్దరినీ ఈడ్చారు. హారతి ఎవరూ ఇవ్వలేదు.

చిన్నాన్న బట్లహళ్ళికి మారిపోయి అన్న గురించి కబురు పంపాడు: “ఆయప్ప మళ్లా పీఠం ముందర కూచుంటే రెండో చేతి వేళ్లూ విరుస్తా.” అంతటితో పారాయణం ఆగింది. స్వామి కోపమని ఊరు అంది. నాకు బ్యాటరీ సంగతి తెలుసు. అయినా ఊరిది అబద్ధమనలేను.

పోయిన నెల కళ్ల డాక్టరు, మిగిలిన చూపు ఎక్కువ కాలం నిలవదన్నాడు. పెదనాన్న నన్ను పిలిచాడు. “ఆ ఘట్టం దాటించమ్మా. నేను ఆడనే నిలబడిపోయి ఉండాను.” అందుకే ఈ పలక. పుటకు నాలుగు పంక్తులే పట్టేంత పెద్ద అక్షరాలు పెట్టి ఇచ్చాను. “కరెంటు పోయిన ఇంటి మాదిరుండాది గదమ్మా” అని నవ్వి చదివాడు, అన్నీ కనబడ్డాయి. పుట తిప్పబోతే వంకర వేలు సరిగా తగలలేదు. పుట కదలలేదు. “దీనికీ నామీద కోపమే” అన్నాడు.

నేనే తిప్పవచ్చు, అయినా బట్లహళ్ళికి చిన్నాన్నకు ఫోన్ చేశాను. పుట తిప్పే మనిషి కావాలన్నాను.

“నేనొస్తే మళ్లా కొట్టుకుంటామమ్మా.”

“తాళాలు తేవద్దు చిన్నాయనా.”

“మరి పీఠం?”

“పీఠం వద్దు, పలకను దిండు మీద పెడతాలే.”

వస్తాననలేదు, రాననలేదు. “దానికి చార్జి ఎన్ని దినాలొస్తాది?” అని మాత్రం అడిగి పెట్టేశాడు.

వచ్చే శనివారం సాయంత్రం దీపం పెడతాం. ఇది చదివిన మీరు ఎక్కడున్నా ఆ వేళకు మాతోబాటు ఒక్కసారి చేతులు జోడించండి. కోపం చాలించు స్వామీ, ఆ అన్నదమ్ములను ఒళ్లోకి తీసుకో అని అడగండి. గ్రంథంలో చంపడం ఒక్క పుటే. దాన్ని తిప్పడానికి మాకు ఆరేళ్లు చాల్లేదు.