క్యాలెండర్ మీద ఎనిమిది ఎర్ర గుండ్రాలు

ఆ రోజుల్లో నాకు సంవత్సరం జనవరితో మొదలయ్యేది కాదు, ఉగాదితోనూ కాదు. స్పోర్ట్స్ కార్ల రేసుల పట్టిక వచ్చిన రోజున మొదలయ్యేది. వచ్చే ఏడాది ఏ నెలలో, ఏ దేశంలో, ఎన్ని గంటల రేసు జరుగుతుందో చెప్పే ఆ ఒక్క పేజీ కోసం జనగామ విత్తనాల దుకాణంలో నేనూ, మానుకోటలో తన మెకానిక్ షెడ్డులో మా బావా పరీక్ష ఫలితాలకు ఎదురుచూసినట్టు చూసేవాళ్ళం. (ఇద్దరిలో ఎవరమూ రేసు కారును ఎదురుగా చూడలేదు. బావ బాగుచేసేవి పెళ్ళిళ్ళకు కిరాయికి తిరిగే జీపులు. నేను నడిపేది దుకాణం మోపెడ్.) పట్టిక రాగానే బావ ఫోన్ చేసేవాడు. "బామ్మర్దీ, వచ్చింది. ఎనిమిదున్నయ్. పెద్దది, ఇరవై నాలుగు గంటలది, జూన్ల పెట్టిన్రు. విత్తనాల సీజన్ల మీ సేటు నిన్ను ఇడుస్తడా?" రేసులు ఎవరివో, గుబులు మాత్రం మాది.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, అక్కను తీసుకొని బావ మా ఇంటికి వచ్చాడు. మేమిద్దరం గోడ క్యాలెండర్ కిందికి దించి ఎనిమిది తేదీలకు ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టాం. చేసిన తప్పు అదే. మా ఇంట్లో పాల లెక్క, గ్యాసు బండ తేదీ పెన్సిలుతో రాసేవాళ్ళు. ఎర్ర గుండ్రం ఒక్క అయ్యగారే పెట్టేవారు. దారిన పోతూ లోపలికి వచ్చి, పంచాంగం చూసి, మంచి రోజులకు గుండ్రం చుట్టి, చాయ్ తాగి వెళ్ళేవారు. నాయినమ్మకు చదువు రాదు గాని ఎర్ర గుండ్రం తెలుసు.

అప్పటికి చిట్యాలలో నాకు ఒక అమ్మాయిని చూసి వచ్చి వారమైంది. ఆ అమ్మాయి నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "పురుగుమందుల వాసనకు మీకు తలనొప్పి లేవదా?" అంతవరకు నా తల గురించి ఎవరూ అడగలేదు. ఆ సంబంధమే కావాలని నాకు గట్టిగా అనిపించింది. నిశ్చితార్థం, మా వైపు పూలుపండ్లంటారు, ఎప్పుడు పెట్టుకుందామని వాళ్ళ నాయిన ఫోన్ చేసినప్పుడు నేను దుకాణంలో ఉన్నాను. బాపు అయ్యగారిని అడిగి చెబుతానంటే నాయినమ్మ అడ్డం వచ్చిందట. "అయ్యగారు వచ్చి పోయినట్టున్నడు గదరా. క్యాలెండర్ నిండ గుండ్రాలే ఉన్నయ్. మొదటిదే ఖాయం జెయ్యి." బాపు అలాగే ఖాయం చేశాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి ఆ సంగతి విన్నాక నాకు కలిగిన మొదటి బాధ, రాయడానికి సిగ్గుగా ఉంది, సీజన్ మొదటి రేసు చూడలేనే అన్నది. మర్నాడు దుకాణంలో పంచాంగం తిరగేస్తే అసలు భయం పట్టుకుంది. ఆ తేదీ నడి మూఢంలో ఉంది. ఏ శుభకార్యమూ చేయని రోజులవి. చెబితే నాయినమ్మ మాట పోతుంది. చెప్పకపోతే చిట్యాలవాళ్ళకు ఎవరో ఒకరు చెబుతారు, మంచీ చెడూ చూడని ఇల్లని వాళ్ళు సంబంధం వదులుకుంటారు. పది రోజులు అన్నం సహించలేదు. తరిగొప్పుల నుంచి వచ్చిన రైతు బెండ గింజలు అడిగితే బీర గింజలు కట్టిచ్చాను. "ఏందన్నా, పానం మంచిగ లేదా?" అని ఆయన నన్నే ఓదార్చి, పొట్లం మార్పించుకుని పోయాడు.

చివరికి బావకు ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "గీసింది ఇద్దరం. పేరు మాత్రం నాదే చెప్త. అల్లున్ని ఎవరేమంటరు?" అన్నాడు. ఆ ఆదివారమే వచ్చి బాపు ఫోన్ తీసుకుని, మా అందరికీ వినబడేలా పెట్టి, చిట్యాలకు కలిపాడు. నాయినమ్మ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"మామా, గా తేదీ అయ్యగారు పెట్టింది కాదు. నేను పెట్టిన. గవి కార్ల రేసులు. ఆ దినం మూఢముంది."

నాయినమ్మ చేతులు ఆగిపోయాయి. నేను గోడకు ఆనుకున్నాను.

"రేసా? ఎంతసేపుంటది?" అన్నాడు అవతల నుంచి అమ్మాయి నాయిన.

"ఆరు గంటలు, మామా."

"ఆరు గంటలు ఒక్కడే నడుపుతడా?"

"లే మామా. ఇద్దరు ముగ్గురు మారుతరు."

"గట్లజెప్పు. మా కోత మిషన్ గూడ గంతే. ఒక్కడే నడిపితే గట్టు మీదికి ఎక్కిస్తడు." ఆయన నవ్వు గది అంతా వినబడింది. "దొరకకముందే చెప్పిన్రు, నయం. మంచి దినం అడిగి చెప్పున్రి."

ఫోన్ పెట్టేశాక నాయినమ్మ బావను ఒక్క మాట అనలేదు. అల్లుడు కదా. ఆ బాకీ అంతా నా వైపు తిరిగింది. "గుండ్రాలు పెట్టుకుంట కూసున్నవ్, గుడ్డోడా! నా ఇజ్జత్ తీస్తివి గదరా!"

మర్నాడు అయ్యగారు వచ్చి, పంచాంగం చూసి, మూఢం పోయాక ఒక ఆదివారం చెప్పి, గుండ్రం పెట్టబోయి ఆగారు. అక్కడ అప్పటికే గుండ్రం ఉంది. మా రెండో రేసు. నాయినమ్మ ముఖం వెలిగిపోయింది. "చూసిన్రా? మా అల్లుని గుండ్రం ఉత్తగ పోతదా?"

ఆ రేసు మన పొద్దున్నే మొదలైంది. చిట్యాలలో పూలుపండ్లు జరుగుతుండగా, డాబా మీదే సిగ్నల్ వస్తుందని బావ మూడుసార్లు పైకెళ్ళి, మూడుసార్లూ దిగులుగా దిగివచ్చాడు. అక్కడ వాన పడుతోందట. పీటల మీద కూర్చున్న నాకు ఆయన ముఖమే రేసు. పక్కనున్న అమ్మాయి నెమ్మదిగా, "మీ బావకు పానం బాగలేదా?" అని అడిగింది. టైర్లు మార్చాలో వద్దో తేల్చుకోలేకపోతున్నారని చెప్పాను. ఆమె, "వాన పడుతుంటే మార్చకుంట ఎట్ల?" అంది. మార్చలేదు. మా బండి ఓడిపోయింది.

బావ పోయి ఏడాది కావస్తోంది. ఈసారి పట్టిక వచ్చిందని చెప్పే ఫోన్ రాలేదు కనుక నేను రెండు రోజులు ఆలస్యంగా చూశాను. మొదటి రేసు తేదీ వెతికితే ఆ రోజు మీద అయ్యగారి గుండ్రం ముందే ఉంది. బావ సంవత్సరీకం. అక్కకు చెప్పాలా వద్దా అని మళ్ళీ వారం రోజులు అన్నం సహించలేదు. విషయం మా ఆవిడకు తెలిసి (ఆ తలనొప్పి అమ్మాయే), తనే ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"గది నాకెరుకే," అంది అక్క. "మీ బావ ఫోన్ నా దగ్గర్నే ఉంది గద. గా రేసులోళ్ళు దానికి పంపుతనే ఉంటరు. నీకంటె ముందే చూసిన. బువ్వలయినంక ఇద్దరం చూద్దాం తియ్. ఎట్ల చూస్తరో నువ్వే చెప్పాలె."

రేసు ఎలా చూడాలో ఆమెకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలా అని ఇంకా ఆలోచిస్తున్నాను. బీర గింజలు కట్టిచ్చిన ఆ ఇరవై మూడేళ్ళవాడు ఇప్పటికీ నాలోనే కూర్చుని కంగారు పడుతుంటే నవ్వొస్తుంది. ఫోన్ పెట్టేసి, మిగతా ఏడు తేదీలకూ గుండ్రాలు చుట్టాను. మొదటిదానికి అయ్యగారిదే చాలనుకున్నాను.