ఆనవాలు చెప్పి ఏడ్చిన మనిషి

మా పెద్ద తోడికోడలు పోయిందన్న కబురు నాకు మొదట అరవంలో వచ్చింది. ధర్మపురి ఆసుపత్రి నుంచి ఆమె కొడుకు సెల్లుఫోనులో "అమ్మ తవరిట్టాంగ" అన్నాడు. పరాయివాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. "ఏందిరా ఆ మాట? మన మాటల్లో చెప్పు" అన్నాను. అప్పుడు "అమ్మ పోయింది, చిన్నమ్మా" అన్నాడు. అంతే, ఫోను పెట్టేశాడు.

శవం దగ్గర నేను రభస చేశానని, పాడడానికి పిలిపించిన మనిషిని అవమానించానని ఊళ్ళో ఇప్పటికీ అంటున్నారు. నాకు అక్షరం రాదు. చెప్పి రాయిస్తున్నాను. మీరే తీర్పు చెప్పండి. కానీ ముందు, నేను అక్కా అని పిలిచే ఆ తోడికోడలు ఎలాంటిదో వినండి.

తమిళనాడులో పాపిరెడ్డిపట్టి పక్కన మా ఊళ్ళో తెలుగిళ్ళు కొన్నే. వాటిలో ఎవరు పోయినా శోకం ఎత్తుకునేది ఆమే. అయితే చావింటికి పోగానే శవం దగ్గర కూర్చునేది కాదు. ముందు పెరట్లోకి పోయేది. వంటింట్లోకి తొంగి చూసేది, పశువుల కొట్టం చుట్టి వచ్చేది. ఆ తర్వాతే ఆడవాళ్ళ నడుమ కూర్చుని, పక్కదాని భుజం మీద చెయ్యి వేసి నోరు తెరిచేది.

"చచ్చినోళ్ళ ఇంట్లో దొంగదాని మాదిరి ఏం వెతుకుతావు అక్కా?" అని నేను ఎకసెక్కం చేసేదాన్ని.

"ఏడుపంటే అరుపు కాదే, ఆనవాలు. ఫలానా మనిషి పోయినాడని తెలియల్ల గదా" అనేది. "నీ పెరడు గూడా ఒకనాడు చూస్తా, ఉండు. ఎన్ని గుట్లు దాచినావో!"

మా వీధిలో ఒక ముసలాయన ఉండేవాడు. కోడళ్ళతో ఒక్క మంచి మాట ఆడి ఎరగడు. పోయిన రోజు ఇంట్లో ఒక్క కన్నూ తడవలేదు. అక్క కొట్టంలోకి పోయి వచ్చింది. "మూగెద్దు ముక్కు ఒరుసుకుంటాదని పంచె చింపి తాడుకు చుట్టినావే మామా! ఆ మెత్తన మాకు నోటితో చెప్పలేకపోతివే!" అని ఎత్తుకుంది. పెద్దకోడలు గోడకానుకుని నిలబడి ఉన్నదల్లా కూలబడిపోయింది. ఆ ఎద్దుకు రోజూ మేత వేసేది ఆమే. తాడుకు చుట్టిన గుడ్డ ఆమె చూడందా? చూసింది. దానికి మాట దొరకలేదు, అంతే.

దేవుడు, స్వర్గం, బంగారు తేరు, ఇవి అక్క నోట వచ్చేవి కావు. "పెద్ద మాటకు కన్ను తడవదే. చిన్న మాట కావల్ల. కడుపులో తగిలేది అదే" అనేది. ఏడ్చి ఏడ్చి వచ్చి, మొహం కడుక్కుని, ఇంత సంగటి ముద్ద పెట్టించుకుని తినేది. "ఏడిస్తే ఆకలేస్తాదే" అని నవ్వేది కూడా.

అలాంటి మనిషి శవానికి ఆమె కొడుకు ధర్మపురి నుంచి చావిళ్ళలో ఒప్పారి పాటలు పాడే ఆమెను మైకు సెట్టుతో సహా పిలిపించాడు. వాడి తప్పనను. ఊళ్ళో అందరూ అలాగే చేస్తున్నారు. ఆ మనిషి గొంతూ మంచిదే. కానీ పూల పల్లకీ అంటుంది, పున్నమి చంద్రుడంటుంది. ఆ పాట ఏ ఇంటి ముందైనా పాడొచ్చు. మా కోడళ్ళు, మనవరాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని సినిమా చూసినట్టు చూస్తున్నారు. జన్మంతా ఊరికి ఆనవాలు చెప్పిన మనిషి ఏ ఆనవాలూ లేకుండా పోతుందా? నాకు కూర్చోబుద్ధి కాలేదు. అరుగు నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి పెరట్లోకి తిరిగాను.

వంటింటి వెనక గిన్నె మీద మూత ఉంది. తీశాను. అనపగింజలు. మూడు రోజుల కింద ఆసుపత్రికి పోతూ, సాయంత్రానికి వచ్చేస్తానని నానబెట్టి పోయింది. నాకు తొక్క అరగదని ఒక్కొక్క గింజా పితికి పెట్టేది ఆమే. నీళ్ళు పులిసి నురగెత్తాయి. గింజలకు తెల్లగా మొలకలు వచ్చాయి.

ఆ గిన్నె పట్టుకుని వచ్చి మైకును పక్కకు తోశాను. తోశాను, కాదనను. "సాయంత్రం వస్తానంటివే అక్కా! గింజలు మొలిచినాయి, లేయ్! ఎవరు పితికేది? మీ అమ్మ పితికేదా, మా అమ్మ పితికేదా?" అని అరిచాను.

"గమ్మునుండు చిన్నమ్మా, అందరూ చూస్తా ఉండారు" అన్నాడు అక్క కొడుకు.

"చూడనీరా! పోయింది మీయమ్మ. సంతలో పాట కాదు ఇది."

ఇక ఆ పాడే ఆమె సంగతి. ఆమెకు తెలుగు రాదు. గిన్నె చూసింది, నా మొహం చూసింది. మైకు ఆపేసి వచ్చి నా పక్కన కూర్చుంది. "మాట నీది అమ్మా, రాగం నేను పట్టుకుంటా" అని అరవంలో చెప్పి, నా భుజం మీద చెయ్యి వేసి, మాట లేకుండా మూలుగులాగా రాగం తీసింది. ఇదా అవమానం? ఆమెను ఎవరైనా అడిగారా?

ఆ రాగం మీద మా వాళ్ళకు ఒక్కొక్కరికీ నోరు వచ్చింది. ధర్మపురి కాలేజీలో చదివే మనవరాలు, ఇంట్లో కూడా సగం అరవమే మాట్లాడేది, "నన్ను బస్సెక్కించి, అది కదిలినాక గూడా కిటికీ వదల్లేదే అవ్వా! పడిపోతావని అందరి ముందర తిట్టితినే!" అని గుండె బాదుకుంది. మగవాళ్ళలో నిలబడిన కొడుకు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

రాగం ఎవరిదైనా కానివ్వండి. మాట మాత్రం ఇంట్లోవాళ్ళే వెతుక్కోవాలి. నా వాదన ఇంతే.

శవం లేచాక ఆడవాళ్ళు వీధి చివర ఆగిపోవాలి. ఆగాను. పాడె తారు రోడ్డు ఎక్కి మలుపు తిరిగింది, పలక డప్పు మోత సన్నబడింది. నేను చెప్పాల్సింది సగం కూడా కాలేదు. ఇంకా చెబుతూనే ఉన్నాను. సేలం వైపు లారీ ఒకటి పోయింది. రోడ్డు మీద చల్లిన బంతిపూల రేకులన్నీ ఒక్కసారి లేచి, దాని వెంట కొంత దూరం పరుగెత్తి, మళ్ళీ పడిపోయాయి.