పటంలో నీలం ఇల్లు

రెండు ఎద్దులు, ఒక పాడిబర్రె, దాని దూడ, పదకొండు గొర్రెలు, బావిగట్టున మూడు టెంకాయ చెట్లు, రెండుసార్లు చల్లినా మొలవని రాగి విత్తనం, ఒక జత వెండి కడియాలు, వెనక వసారా దూలాలు, ఆ ఇంటి మగమనిషి. వానలు తప్పిన ఆ రెండేళ్లలో మా అక్క ఇంట్లో పోయినవి ఇవి. మనిషిని చివర రాశానని ఎవరైనా తప్పుపట్టవచ్చు. పోయిన వరసలోనే రాశాను. ఎద్దులు ముందు పోయాయి. మా బావ అన్నిటికంటే ఆఖర్న, చలిజ్వరం వచ్చి పోయాడు.

మిగిలింది నలుగురు: అక్క, చూపు లేని ఆమె అత్త, ఇద్దరు పిల్లలు.

అక్క ఊరు పేరేసంద్ర దాటి బాగేపల్లి దారిలో కొంత దూరం పోయి, రాళ్లగుట్టల్లోకి తిరిగితే వస్తుంది. నేను చిక్కబళ్ళాపురంలో ఒక బెల్లం మండీలో లెక్కలు రాస్తాను. బడికి పోయింది మూడో తరగతి దాకానే. ఆ తర్వాతి లెక్కలన్నీ మూటలూ తక్కెడలూ నేర్పినవి. మండీకి సెలవు దొరికినప్పుడల్లా గుడ్డలో ఉలవలు కట్టుకొని అక్క ఇంటికి పోయేవాణ్ణి. నా జీతంలో నా ఇల్లు గడిచాక మిగిలేది ఆ ఉలవల మూటే.

యుద్ధం నడుస్తున్న కాలం. కొనాలన్నా రాగులు దొరకడం కష్టంగా ఉండేది. కరువు పట్టిన ఊళ్ళలో బీదవాళ్ళకు కొత్త పంట వచ్చేదాకా ఊరికే రాగులిస్తామని సర్కారువాళ్ళు చెప్పారు. మనిషికి వారానికి రెండు సేర్లు. అక్క ఇంటికి నలుగురి మీద ఎనిమిది సేర్లు వస్తాయి. ఎనిమిది సేర్లుంటే పలచగా అంబలి కాచుకొని బతకవచ్చు. అది లేకపోతే ఎట్లా అని ఆ రోజుల్లో నేను చాలా రకాలుగా లెక్క వేశాను. ఏ లెక్కా తేలలేదు.

అయితే బీదవాళ్ళెవరో ముందు తేల్చాలి కదా. దానికి షేక్దారు, అంటే తాలూకా రెవెన్యూ అధికారి, ఊరూరూ తిరిగి ఇల్లిల్లూ కొలిచేవాడు. ఎద్దుల జతకు నాలుగు గుర్తులు, ఒంటి ఎద్దుకు రెండు, బావికి రెండు, మట్టిమిద్దెకు రెండు, పెంకుల ఇంటికి మూడు. నీళ్ళున్నా లేకపోయినా బావి బావే. ఇత్తడి, రాగి సామాను తూచి మణుగుకు ఒక గుర్తు. మణుగుకు తక్కువైనా ఒకటే. అన్నీ కూడి పది వస్తే ఆ ఇంటికి జరుగుబాటు ఉన్నట్టు, రాగుల చీటీ లేదు. పదికి తక్కువైతే బీద. తర్వాత ఊరి పటం గీసి, బీద ఇళ్ళకు ఎర్ర రంగు, జరుగుబాటు ఉన్న ఇళ్ళకు నీలం రంగు పూస్తారు.

ఈ సంగతి షేక్దారు కంటే ముందే ఊళ్ళోకి వచ్చింది. ఆయన వచ్చే పొద్దుకు ఊరి ఎద్దుల్లో సగం గుడిబండె వైపు చుట్టాల ఇళ్ళకు పోయాయి. బిందెలు గడ్డివాముల్లోకి, చెంబులు రాగులు లేని గాదెల్లోకి దిగాయి. అది అబద్ధమాడటమని ఎవరికీ అనిపించలేదు. నిజంగా తినడానికి లేదు. బతికున్న ఎద్దుల్ని చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అటువంటి జతకు నాలుగు గుర్తులు వేయడం నాకూ న్యాయంగా తోచలేదు.

ఆ రోజు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. షేక్దారు మధ్యవయసు మనిషి, ఎండకు పాదాలు వాచి చెప్పులు చేత్తో పట్టుకొని నడుస్తున్నాడు. వెంట ఊరి లెక్కలు రాసే శ్యానుభోగుడు, తక్కెడ మోసే బంట్రోతు, మా వాళ్ళ వీధిపెద్ద. ఎదురింటి దొడ్డిలో షేక్దారు ఆగి కాలితో పేడను కదిపి చూశాడు.

"ఎద్దులు లేవంటాండారు. పేడ చూస్తే పచ్చిగా ఉండాదే?"

"పక్కూరి ఎద్దు సామీ," అన్నాడు వీధిపెద్ద. "చుట్టం చూపుకు వచ్చిండె."

"చుట్టం యాడికి పోయె?"

"మర్యాద చాల్లేదని అలిగి పోయె సామీ."

షేక్దారు నవ్వలేదు గానీ ఎద్దును రాయనూ లేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ సంగతి ఇక్కడే చెప్పాలి.

అక్క ఇంట్లో దాచడానికి ఏమీ లేదు కనుక దాచలేదు. మిద్దెకు రెండు, ఎండిన బావికి రెండు, మొత్తం నాలుగు. శ్యానుభోగుడు కాగితం మడవబోయాడు. అప్పుడు బంట్రోతు లోపలి గది తలుపు తోశాడు.

ఆ గదిలో వీధి ఉమ్మడి సామాను ఉంది. మా వాళ్ళ వీధిలో పంతొమ్మిది ఇళ్ళు. పెండ్లికైనా దినానికైనా వంట చేయడానికి తాతల కాలంలో అందరూ తలా ఇంత వేసుకొని కొన్న గుండిగలు, గంగాళాలు, తాంబాళాలు, గరిటెలు ఉన్నాయి. అవి ఏ ఒక్కరివీ కావు. ఏడాదికి ఒక ఇంట్లో ఉంటాయి, ఉగాదికి పక్కింటికి మారతాయి. ఆ ఏడు వంతు మా అక్కది. ఊరంతా ఎవరి చెంబులు వాళ్ళు దాచుకున్నారు. ఎవరివీ కాని ఆ సామాను సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా. రోజూ ఆ తలుపు ముందే ఉలవలు దించేవాణ్ణి.

ఒక్కొక్కటీ బయటికి తెచ్చి తూచారు. గంగాళం గడపకు తగిలి మోగింది. మంచం మీద నుంచి అక్క అత్త అడిగింది: "ఎవురింట్లోమ్మా పెండ్లి?"

తూకం తొమ్మిది మణుగులు. నాలుగూ తొమ్మిదీ పదమూడు.

"ఇవన్నీ ఎవురివమ్మా?" అన్నాడు షేక్దారు. "ఉమ్మడివైతే చెప్పేయి. ఉమ్మడి సొత్తు ఒక ఇంటిమీద రాయకూడదని మాకు హుకుం ఉండాది. అన్ని ఇండ్లకూ పంచి రాస్తాము."

పంచితే ఒక్కో ఇంటికి అర మణుగు కూడా రాదు. కానీ మణుగుకు తక్కువైనా ఒక గుర్తే. పొద్దున్నుంచి వెంట తిరిగిన వీధిపెద్దకు ఏ ఇంటికి ఎంత పడిందో నోటికి వచ్చు. తొమ్మిది దగ్గర ఆగిన ఇళ్ళు పదకొండు. ఆ ఒక్క గుర్తూ పడితే పదకొండూ నీలమవుతాయి. అక్క ఇల్లు మాత్రం అయిదుతో ఎర్రగా ఉంటుంది.

"రవంత మజ్జిగ తాగి రాసుకోండి సామీ," అని వీధిపెద్ద ఆయన్ను అరుగుమీద కూర్చోబెట్టాడు. ఆ మజ్జిగ కూడా పక్కింటి నుంచే వచ్చింది. తర్వాత అక్కను పెరట్లోకి పిలిచాడు. నేను వెనకే పోయాను.

"అమ్మా, నీ నోట్లో ఉండాది వీధి," అన్నాడు. "పదకొండు ఇండ్లు. పిల్లోళ్ళే ముప్పై మందికి పైన."

"నా పిల్లోళ్ళు ఇద్దరే, మామా. అందుకనా?"

"అట్లంటావేమమ్మా. నిన్ను ఎండబెడతామా? సర్కారు రాగులిచ్చినన్ని వారాలు ఇంటికి అర సేరు నీ వాకిట్లో పోస్తాము. పద్దెనిమిది ఇండ్లు, తొమ్మిది సేర్లు. సర్కారు ఇచ్చేది ఎనిమిదే."

లెక్క సరిగ్గానే ఉంది. తప్పు పట్టడానికి అందులో నాకేమీ దొరకలేదు. అక్క నా ముఖం చూడలేదు. ఎండిన బానవైపు కాసేపు చూసింది.

"అర సేరు కొలిచేది ఎవురి కొలతతో మామా?" అంది.

"నీ ఇంటి కొలతతోనే."

అక్క అరుగు దగ్గరికి పోయి షేక్దారుతో, "మావే సామీ," అంది. ఆయన ఆమెను చూశాడు, దూలాలు ఊడిన వెనక వసారా వైపు చూశాడు. "మీవేనా? బాగా ఆలోచించి చెప్పమ్మా," అన్నాడు. అక్క రెండోసారి కూడా అదే చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

మొదటి నాలుగు వారాలు తొమ్మిది సేర్లూ వచ్చాయి. సంతరోజు సాయంత్రం ఒక్కో ఇంటి ఆడమనిషి కొంగులో తెచ్చి, అక్క కొలపాత్రతో కొలిచి పోసేది. ఒకామె, "మీ ఇంటికి మేము శిస్తు కడతాండామే," అని నవ్వేది. అక్క కూడా నవ్వేది. అయిదో వారం ఏడు సేర్లు. తర్వాత ఆరున్నర, అయిదు, నాలుగు. తొమ్మిదో వారం రెండు, పదో వారం ఒకటి. ఆ చివరి సేరు తెచ్చిన రెండు ఇళ్ళకూ ఎద్దు లేదు, బావి లేదు. పదకొండో వారం ఎవరూ రాలేదు.

వాళ్ళు దుర్మార్గులని నేననను. సర్కారు రాగుల బండి ఒక్కోసారి ఆలస్యమయ్యేది, వచ్చినా మూటలో సగం పురుగు. పిల్లలు ఏడుస్తుంటే అర సేరు తీసి పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే. అయినా అక్క ఇంట్లో కూడా పిల్లలే ఉన్నారు. ఈ రెండు మాటల్లో ఏది బరువో ఏ తక్కెడలో తూచాలో నాకు తెలియదు.

నేను తాలూకా కచేరికి పోయాను. అక్కడొక ముసలి గుమాస్తా పటం తీసి బల్లమీద పరిచాడు. మా వాళ్ళ వీధి ఒక గీతలాగా ఉంది. పద్దెనిమిది ఎర్ర చుక్కలు, కొసన ఒక నీలం చుక్క. నీలం రంగు బాగా చిక్కగా పూశారు. చూసినవాళ్ళెవరైనా ఆ ఊరికి షావుకారు ఇల్లు అదేననుకుంటారు.

"ఈ ఒక్క ఇంటిని మళ్ళీ కొలిచేదానికి లేదా?" అన్నాను.

"అర్జీ పెట్టుకోప్పా. కొలుస్తారు. కానీ ఆ సామాను ఎవురిదని మళ్ళీ అడుగుతారు. ఆమెది కాదంటే వీధంతా కొలవాల."

"ఇచ్చిన చీటీలు?"

"వెనక్కి తీసుకుంటారు."

అక్కకు చెప్పాను. అత్తకు అంబలి తాగిస్తూ విన్నది. "వద్దులేప్పా," అంది. "నా ఇంట్లో పొయ్యి వెలగాలని పదకొండు పొయ్యిలు ఆర్పేదా?" దాని మీద నేను గట్టిగా మాట్లాడాను. అక్క గిన్నె కడగడానికి లేచింది. ఆ సాయంత్రం నేను తిరిగి నడుస్తుంటే, మనిషికి ఇంత అలసట ఒక లెక్కవల్ల వస్తుందా అనిపించింది.

ఉగాది వచ్చింది. సామాను పక్కింటికి మారాలి. పక్కింటివాళ్ళు తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డారు. "మాకొద్దమ్మా, మళ్ళీ కొలవను వస్తే?" అన్నారు. దాని పక్కింటివాళ్ళూ అదే అన్నారు. తాతలు పెండ్లిళ్ళకని కొన్న సామాను ఆ ఏడు వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. అక్క తొమ్మిది మణుగుల ఇత్తడిని గదిలో పెట్టి తాళం వేసింది, తాళంచెవి వీధిపెద్ద చేతికిచ్చింది. అత్తను, పిల్లల్ని తీసుకొని చింతామణి పోయింది. అక్కడ శనక్కాయలు ఒలిచే పని దొరికింది. ఒక గుండిగ అమ్మి ఉంటే ఆరు నెలలు తినవచ్చని ఎవరో అన్నారు. అది నాకూ తెలుసు, అక్కకూ తెలుసు. ఆ మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

సర్కారు రాగులు మొత్తం ముప్పై వారాలు ఇచ్చారు. తర్వాత వానలు పడ్డాయి. రెండేళ్ళకు వీధిపెద్ద మండీకి బెల్లం తెచ్చాడు. తూకం అయ్యాక నా పక్కన కూర్చున్నాడు.

"అక్క బాగుండాదా?"

"ఉండాది. చేతులు పగిలుండాయి. రావాల్సినవి రెండు వందల ఎనిమిదిన్నర సేర్లు మామా."

ఆయన తలకట్టు తీసి మళ్ళీ కట్టుకున్నాడు. "ఊరు విడిచి పోయినాక లెక్క యాడిదప్పా?"

"రాగులు రానందుకే కదా పోయింది. సర్కారు ఇచ్చినన్ని వారాలని నువ్వే అంటివి."

"అంటిని," అన్నాడు ఆయన. "నేనొక్కడినే ఒక పల్లా ఇస్తాను. నూరు సేర్లు. దాంతో తీర్చేసుకోండి. ఇంటింటికీ పోయి అడిగే ముఖం నాకు లేదు," అన్నాడు.

ఆ ఆదివారం చిన్న రైలెక్కి చింతామణి పోయి అక్కతో చెప్పాను. ఆమె శనక్కాయల పొట్టు చాటలో చెరుగుతూ ఉంది. వద్దంటుందని నేననుకోలేదు. ఇంట్లో అప్పటికీ కొరతే.

"ఆయనొక్కడిదీ నాకెందుకు?" అంది. "నేను మావే అనింది ఒక్క ఇంటికోసరం కాదే. ఇంటికి అర సేరు అనిరి. ఇంటింటి నుంచీ రానీ. మట్టిచిప్పలో తెచ్చినా పోయించుకుంటాను."

ఈ మాట వీధిపెద్దకు చేరవేశాను. తల ఊపాడు. ఆ తర్వాత ఆయన బెల్లం వేరే మండీకి పోవడం మొదలైంది. పంటలు బాగానే పండుతున్నాయి. వీధిలో రెండు పెండ్లిళ్ళు కూడా అయ్యాయి, సామాను బయటికి తీశారని విన్నాను. ఏ ఇంటి నుంచీ ఎవరూ చింతామణి రాలేదు. చివరిదాకా తెచ్చిన ఆ రెండు ఇళ్ళ వంతు తలా పది సేర్లు. మిగిలిన పదహారు ఇళ్ళ మీద నూట ఎనభై ఎనిమిదిన్నర. కూడితే, ఈ రోజుకు రావాల్సినవి రెండు వందల ఎనిమిదిన్నర సేర్ల రాగులు.