పెల్ చెక్కిన ఒక్క ముఖం

అజరయా పెల్ తన జీవితంలో చెక్కినవాటిలో సగానికి పైగా వెండి చెంచాల మీది పొడి అక్షరాలు. ఆ తరవాత శవపేటికల మీది పేరు రేకులు, గడియారం ముఖాలు, టోపీల కొట్టు చీటీలు, కుక్కల మెడపట్టీలు. మనిషి ముఖం మాత్రం ఒక్కటే చెక్కాడు. దాని సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

కనెక్టికట్ నది ఒడ్డున మా ఊళ్లో ఆయన నగిషీ కొట్టూ, నా పుస్తకాల కుట్టుపనీ ఒకే కప్పు కింద నడిచేవి. మధ్యలో చెక్క అడ్డు. ఆయన మాట్లాడడు, నేను చదువుకుంటాను. ఇరవై రెండేళ్లు ఇద్దరం సుఖంగా ఉన్నాం.

ఇంగ్లండు రాజుతో యుద్ధం ముగిసిన నాలుగో ఏడు పాస్టరు జోయెల్ లోథ్రప్ గారు జ్వరంతో పోయారు. ఆయన ప్రసంగాలు పుస్తకంగా వేయాలని సంఘం తీర్మానించింది. మొదట్లో బొమ్మ లేకపోతే ప్రసంగాలు ఎవరు చదువుతారని సంఘపెద్ద ఒబెద్ కుషింగ్ అడిగాడు. ఉన్నా చదవరని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. చిక్కల్లా ఏమిటంటే పాస్టరుగారి బొమ్మ ఎక్కడా లేదు. చిత్రం గీయించుకోవడం గర్వమని ఆయనే గర్వంగా చెబుతుండేవాడు.

పాస్టరమ్మ మెహిటబెల్ గారు కొట్టుకి వచ్చి నిలబడింది.

"పెల్, పుస్తకం సంగతి సంఘం చూసుకుంటుంది. నాకు ఆయన ముఖం కావాలి. పోయి ఎనిమిది నెలలేగా, మొన్న కనుబొమలు తలుచుకుందామంటే రాలేదు. పోయిన నెలే గడ్డం పోయింది. ఈ వరసన మంచు పడేనాటికి నా దగ్గర ఒట్టి విగ్గు మిగులుతుంది."

"చూస్తాను పాస్టరమ్మగారూ," అన్నాడు పెల్.

ఆయనకిది పెద్ద అవకాశం. "ఒక్క ముఖం బోస్టన్ దాకా వెళ్తే చాలు, ఇంకో నాలుగు ముఖాలు వాటంతటవే వస్తాయి," అన్నాడు నాతో. ఆ ఏడాదిలో ఆయన నాతో అన్న పొడుగాటి మాట అదే.

రాగి ఇంగ్లండు నుంచి రావాలి, రావడం లేదు. పెల్ దగ్గర పెద్ద రేకు ఒక్కటే ఉంది. చనిపోయిన ఒక బోస్టన్ నగిషీవాడి సామాన్లలో కొన్నది. దాని మీద రాజుగారి గవర్నరు బొమ్మ ఉంది. గవర్నర్లని ఇప్పుడు ఊరికే ఇచ్చినా ఎవరూ పుచ్చుకోరు. పెల్ ఆ తల గీకేసి, గీకి గుంటపడినచోట వెనకనుంచి సుత్తితో తట్టి, మెరుగుపెట్టి, ఒళ్లు మాత్రం ఉంచాడు. నగిషీవాళ్లలో ఇది తప్పు కాదు. ఒకే ఒంటి మీద ముగ్గురు సేనాధిపతులు బతికిన రేకు నేను చూశాను. గవర్నరు కత్తి బైబిలైంది. పొట్టని ఏం చెయ్యడానికీ వీల్లేకపోయింది.

మొదటి అచ్చు చూసి ఒబెద్ కుషింగ్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇదేమిటయ్యా, పాస్టరుగారు సారా పీపాలా ఉన్నారు! ఆయన ఇంత ఎప్పుడు తిన్నాడు?"

"గౌను కింద మనం చూడలేదు కదండీ," అన్నాడు పెల్.

సంఘపెద్ద అచ్చుని దగ్గరికి తీసుకుని, "అదీ నిజమేలే," అన్నాడు.

పాస్టరమ్మ పొట్ట ఊసే ఎత్తలేదు. ముఖం మాత్రమే చూసింది. "కాదు," అంది. "ముక్కు ఇటు వంగదు, అటు వంగుతుంది."

"ఏమ్మా, ఊరందరికీ కుడివైపు వంగిన ముక్కు నీకొక్కదానికీ ఎడమకి వంగిందా?" అన్నాడు కుషింగ్.

"ముప్పై ఏళ్లు కాపురం చేశాను."

"మేం ముప్పై ఏళ్లు ప్రసంగాలు విన్నాం. ఆయన ముఖం చూస్తూ కూర్చున్న గంటలు లెక్కేస్తే నీకంటే మావే ఎక్కువ."

పెల్ ఆమె మాట విని ముక్కు గీకి తిరిగి చెక్కాడు. సంఘం ఒప్పుకోలేదు. ఆమె కూడా, "ముక్కు కుదిరింది, మనిషి కుదర్లేదు," అంది. మళ్లీ గీకి, సంఘం మాట ప్రకారం చెక్కాడు. పెదవులు మార్చాడు, విగ్గు మార్చాడు. గీకినప్పుడల్లా రాగి పలచబడుతోంది. ఐదోసారి అయ్యాక పెల్ రేకుని వెలుతురుకి పట్టి, "ఇంకోసారి సుత్తి తగిలితే పాస్టరుగారి నోటికి చిల్లి పడుతుంది," అన్నాడు నాతో.

ఆ మధ్యాహ్నమే, పెల్ రేకు మీద సిరా పులిమి తుడిచి, తడి కాగితం ఇంకా పరవకముందు, పాస్టరమ్మ వచ్చింది. అన్నాళ్లూ అచ్చు కాగితాలే చూసింది. రేకుని చూడటం అదే మొదలు. వంగి చూసింది. చేతిలో బుట్ట కింద పెట్టేసింది.

"ఇదిగో. ఈయనే."

"అమ్మగారూ, అది రేకండీ. మేం తిరగేసి చెక్కుతాం. కాగితం మీదికొస్తే కుడి ఎడమలు మారిపోతాయి."

"మారనివ్వకు. నాకీ రేకే ఇచ్చెయ్యి."

పెల్‌కి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆమే చెప్పింది.

"భోజనం దగ్గర పుస్తకం చదువుకునేవాడు. పక్కమీద గోడవైపు తిరిగేవాడు. శనివారం గడ్డం గీసుకునేటప్పుడు మాత్రం వేడినీళ్ల గిన్నె పట్టుకుని వెనక నిలబడేదాన్ని. అద్దంలోంచి నన్ను చూసి, 'ఒలుకుతోంది, మెహిటబెల్,' అనేవాడు. నేను ఆయన్ని తీరిగ్గా చూసింది ఆ అద్దంలోనే."

ముందు అచ్చులు తీసి ఆనక రేకు ఇవ్వచ్చు కదా అని మీరనుకోవచ్చు. మూడు వందల అచ్చులకి ఆ పలచటి రాగి మీద సన్నగీతలు నిలవవు. మొదట పోయేవి కనుబొమలే. పెల్‌కి అది నాకంటే బాగా తెలుసు. రేకు అడుగున తన పేరు కూడా అప్పటికే చెక్కుకున్నాడు. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తరవాత గీతల్లో సిరా అలాగే ఆరనిచ్చి, ఉన్నిగుడ్డలో చుట్టి ఆమె బుట్టలో పెట్టాడు.

సాయంత్రం కుషింగ్ వచ్చాడు. "బొమ్మేదయ్యా?"

"చిల్లి పడిందండీ."

"ఏదీ, చూపించు."

"చిల్లిని ఏం చూపిస్తానండీ?"

పెల్ ఆడగా నేను విన్న అబద్ధం ఆ ఒక్కటే. పుస్తకం మొదట్లో పళ్లబుట్ట బొమ్మ వేశారు. చందా కట్టినవాళ్లంతా పుచ్చుకున్నారు, చదవలేదు. బోస్టన్ నుంచి ముఖాలేవీ రాలేదు, పెల్ కుక్కల పట్టీలు చెక్కాడు.

మూడేళ్ల తరవాత ఆమె ఇంటి గడియారానికేదో పనిబడి వెళ్లి, చిన్నబోయి తిరిగొచ్చాడు. ఆమె వారం వారం గిన్నెలతోబాటు ఆ రేకునీ సుద్దపొడితో తోముతోందట. కనుబొమలు సగం పోయాయి.

"తోమకండమ్మగారూ అన్నాను."

"ఏమంది?"

"మరి ఆయన ముఖం మీద చిలుము పట్టనివ్వమంటావా అంది."

 అక్కణ్ణించి పెల్ ఏటా ఆపిల్ కోతలు అయ్యాక, చెక్కుడు ములుకూ, దాన్ని నూరే నూనెరాయీ తీసుకుని ఆ ఇంటికి వెళ్లి, బల్ల దగ్గర కూర్చుని పాస్టరుగారి గీతలు తేలిక చేత్తో లోతు చేసి వచ్చేవాడు. పద్నాలుగేళ్లు వెళ్లాడు. ఆపైన చూపు తగ్గింది. ఆఖరుసారి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. రేకుని వేళ్లతో తడిమి పక్కన పెట్టేశాడు.

"ఇక నావల్ల కాదమ్మగారూ. గీత ఆనడం లేదు. తోమితే పోతాడు."

ఆమె మొక్కజొన్న పుడ్డింగు మీద బెల్లప్పాకం పోస్తోంది.

"పోతే పోనీ పెల్. ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తాడు. ఇన్నేళ్లూ నువ్వు గీతగీతా చెక్కుతుంటే పక్కన కూర్చుని చూశాను కదా."

పెల్ పుడ్డింగు రెండోసారి వేయించుకున్నాడు.