అల్గోత్ చంకలో కొయ్యగుడ్డు

క్రిస్మస్ మర్నాడు ఎల్వ్‌బ్రోలో ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళు టీవీ ముందు కూర్చుంటున్నారు. ఒకప్పుడు ఊరంతా చేరే ప్రజాభవనం సోఫాలమ్మే దుకాణమైపోయింది. సిగ్నె ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అద్దాల ముందు ఓ క్షణం ఆగుతుంది. ఆమెకు కనిపించేవి సోఫాలు కావు. పాత చెక్క బెంచీలు, ఆవిర్లు కక్కే తడి ఉన్నికోట్లు, వేదిక మీద గొంతు సవరించుకుంటున్న మొగుడు అల్గోత్. ఆ రోజులే వేరు అనుకుని నడక సాగిస్తుంది.

అల్గోత్ బ్రింక్ పేరుమోసిన గారడీవాడేమీ కాదు. రంపపు మిల్లులో పలకలు పేర్చే కూలీ. కుర్రతనంలో అడవిలో చెట్లు కొట్టే పనికి వెళ్ళి, అక్కడి గుడిసెలో ఓ ముసలి దేశదిమ్మరి దగ్గర పేకముక్కల విద్య నేర్చుకున్నాడు. ఏడాది పొడుగునా పలకలు మోసి, క్రిస్మస్ మర్నాడు మాత్రం పెళ్ళినాటి నల్లకోటు తొడుక్కుని వేదిక ఎక్కేవాడు. ఆ ఒక్క సాయంత్రం కోసమే మిగతా రోజులన్నీ బతుకుతున్నాడని సిగ్నె ఆటపట్టించేది. అది నిజం కూడాను.

పంతొమ్మిది వందల ముప్పైమూడులో రంపం అతని కుడిచేతి వేళ్ళు రెండింటిని మింగేసింది. కుట్లు వేసినవాడు డాక్టర్ సుండేలియస్. చెయ్యి మంచిదే, నోరే చెడ్డది. కంటికి కనబడనిదాన్ని నమ్మడు, పాస్టరుగారి ప్రార్థనకైనా రుజువు అడిగే ఘటం. కట్టు కడుతూ, “పోనీలే బ్రింక్, ఇక పేకముక్కలు పట్టలేవు. ఊరికి ఒక మోసం తగ్గింది,” అన్నాడు. వేళ్ళు పోయినందుకు ఏడవని అల్గోత్ ఆ మాటకి ఇంటికొచ్చి ఏడ్చాడు.

వేళ్ళతో పనిలేని విద్య అతనికి ఒక్కటే తెలుసు. నాడి ఆపడం. మేజోళ్ళ చిరుగులు కుట్టేటప్పుడు సిగ్నె లోపల పెట్టుకునే కొయ్యగుడ్డు ఒకటుండేది. దాన్ని ఎడమ చంకలో పెట్టి గట్టిగా అదిమితే ఆ మణికట్టు దగ్గర నాడి అందదు. రహస్యం అంతే. ఆ డిసెంబరంతా వంటింట్లో సాధన చేశాడు. అతని మణికట్టు పట్టుకుని కూర్చునే సిగ్నెకి అంతా తెలుసు. అయినా నాడి మాయమైనప్పుడల్లా ఆమె గుండె గుభేలుమనేది.

ఆ ఏడు వేదిక మీద నిలబడి తన గుండె ఆగబోతోందని, నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చని ప్రకటించాడు. నమ్మనివాడు ఊళ్ళో ఒక్కడే. డాక్టరు తాపీగా మెట్లెక్కాడు, నాడి చూశాడు, మోచేయి పట్టుకుని కోడి రెక్క ఎత్తినట్టు పైకెత్తాడు. గుడ్డు టపీమని పడి, దొర్లుకుంటూ పోయి పాస్టరుగారి భార్య బూట్ల దగ్గర ఆగింది. హాలంతా ఒకటే నవ్వు. సిగ్నె మోకాళ్ళ మీద వంగి దాన్ని తీసుకుంది. ఆ నవ్వు నవ్విన ఒక్కొక్క మొహాన్నీ ఆమె చాలాకాలం మరిచిపోలేదు.

ఇంటి గుమ్మంలో మంచు దులుపుకుంటూ అల్గోత్ అన్నాడు.

“నాకు మిగిలింది ఇదొక్కటే సిగ్నె. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆ మనిషి మొహం తెల్లబోవాలి. ఆ తరవాత మానేస్తాను.”

ఆ ఒక్కసారి కోసం మరో పంతొమ్మిది క్రిస్మస్‌లు గడిచాయి. గుడ్డుకి నల్లగుడ్డ చుట్టాడు, కోటు లోపల దొంగజేబు కుట్టించాడు, ఒక ఏడు గుడ్డు బదులు బంగాళాదుంప పెట్టాడు. ప్రతిసారీ డాక్టరు పట్టేశాడు. రానురాను ఊరు గారడీ కోసం కాక వీళ్ళిద్దరి పట్టు చూడడానికే వచ్చేది. ప్రదర్శన అయ్యాక డాక్టరు తిన్నగా వీళ్ళింటికే వచ్చేవాడు. పళ్ళ మధ్య పంచదార గడ్డ పెట్టుకుని, కాఫీ సాసరులో పోసుకుని జుర్రుతూ తప్పులు ఎంచేవాడు. యుద్ధం రోజుల్లో కాఫీకి బదులు వేయించిన గింజల కషాయమిచ్చినా మూడో కప్పు అడిగేవాడు. తిట్టడానికి వచ్చినవాడు పాఠం చెబుతున్నాడని సిగ్నెకి కొంత ఆలస్యంగా తెలిసింది.

“చెయ్యి బిగపట్టేస్తున్నావు బ్రింక్. చచ్చినవాడి చెయ్యి అలా ఉంటుందా? వదిలెయ్యాలి, తడిగుడ్డలా వదిలెయ్యాలి.”

“వదిలేస్తే గుడ్డు జారిపోదూ?”

“అదే మరి. అందుకే నీవల్ల కాదు.”

యాభైమూడు మార్చిలో ఒక పొద్దున, వాకిట్లో మంచు ఎత్తిపోసి వచ్చి, కాఫీ మరిగేలోపు నడుం వాలుస్తానని అల్గోత్ వంటింటి బల్లసోఫా మీద పడుకున్నాడు. కాఫీ మరిగింది. పిలిస్తే లేవలేదు.

డాక్టరు వచ్చేసరికి సిగ్నె కిటికీ తెరిచి ఉంచింది, ప్రాణం పోవడానికి దారి ఉండాలని. మామూలుగా అయితే ఆ ఆచారాన్ని చీల్చి చెండాడేవాడు. ఈసారి చలిగాలి కొడుతున్నా కిటికీ మూయమనలేదు. మణికట్టు పట్టుకున్నాడు. గుండె విన్నాడు. రెప్పలెత్తి దీపం వేసి చూశాడు. చదువుకున్నవాడు చూడవలసినవన్నీ చూశాడు, తెలియవలసింది తెలిసింది. కానీ సంచీ మూయలేదు.

వంగి అల్గోత్ చేతిని మెల్లిగా పైకెత్తాడు. చెయ్యి తడిగుడ్డలా వదులుగా ఉంది. డాక్టరు వేళ్ళు ఎడమ చంకలోకి వెళ్ళి, అక్కడే తడుముతూ ఉండిపోయాయి.

“అక్కడ లేదు డాక్టరుగారూ,” అంది సిగ్నె. “మీరు రాకముందే నేను చూశాను.”

గుడ్డు కుట్టుబుట్టలో, సగం కుట్టిన మేజోడులో ఉంది. డాక్టరు తలెత్తాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది. ఇరవై ఏళ్ళు ఆ మొహం కోసం ఎదురుచూసినవాడికి అది చూపించాలని సిగ్నె అలవాటుగా బల్లసోఫా వైపు తిరిగింది.