దేశం లేని రోజుల్లో పుట్టిన మ్యూజియం

దేశం దాటి వచ్చి సర్రీలో కాలేజీ చదువుతున్నప్పుడు, శనివారాలు ఒక పెద్దావిడకు తోడుగా ఉండే పని దొరికింది నాకు. ఆ ఏడు మనవాళ్లు ఎంతమంది వచ్చారంటే, కాఫీ షాపులో పార్ట్‌టైమ్‌కి కూడా పెద్ద క్యూ ఉండేది.

"నీకు లక్కున్నదే, ఇంట్ల కూసొని చేసే జాబ్ దొరికింది," అంది బేస్‌మెంట్‌లో నాతోపాటు ఉండే వరంగల్ అమ్మాయి.

ఆ పెద్దావిడది పోలండ్. శుక్లాలు ముదిరి చూపు బాగా తగ్గిపోయింది. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తోంది. నేను కూరగాయలు తెచ్చి, సూప్ వేడి చేసి, కాసేపు కబుర్లు చెప్పేదాన్ని. ఆంటీ అని పిలిస్తే మురిసిపోయేది.

ఒకసారి సొంతూరు ఏదని అడిగాను.

"క్రాకోవ్. మా నాన్న పుట్టేనాటికి మ్యాపులో పోలండ్ లేదమ్మాయ్. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. మా ఊరు ఆస్ట్రియా వాటాకి పోయింది. అయినా అప్పటికే మాకు నేషనల్ మ్యూజియం ఉంది."

"దేశమే లేకుండా నేషనల్ మ్యూజియమా?"

ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. రోమ్‌లో పేరు తెచ్చుకున్న ఒక పోలిష్ చిత్రకారుడు, గోడంత బొమ్మ ఒకటి తెచ్చి ఆ ఊరికి ఊరికే ఇచ్చేశాడట. అది చూసి మిగతా చిత్రకారులూ తమ బొమ్మలు ఇస్తామన్నారట. ఊరి కౌన్సిల్ వాళ్లు నడిబజారులోని పాత బట్టల అంగడి పై అంతస్తును వాటికి కేటాయించారట. కింద దుకాణాలు, పైన మ్యూజియం.

"చిన్నప్పుడు మా నాన్న ఆ బొమ్మ ముందు నన్ను భుజాలకెత్తుకున్నాడు. నీ ఫోన్‌లో దొరుకుతుందా? చూసి చెప్పు."

దొరికింది. కుడివైపు స్తంభాలకు కట్టిన మనుషులు, కింద మండే కాగడాలతో నిప్పు పెట్టబోతున్న బంట్లు. రోమన్ చక్రవర్తి క్రైస్తవులను కాల్చి చంపిస్తున్న దృశ్యం. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను.

"ఎడమవైపు?"

"చాలామంది జనం ఉన్నారు ఆంటీ. పూలు పెట్టుకుని, తాగుతూ, ఊరికే చూస్తున్నారు."

"నాకు ఆ మంటలే గుర్తున్నాయి," అంది ఆవిడ. "వాళ్లు గుర్తే లేరు."

వసంతంలో ఒక కంటికి ఆపరేషన్ అయింది. మరుసటి శనివారం లాప్‌టాప్‌ను టీవీకి కనెక్ట్ చేసి అదే బొమ్మ పెట్టాను. ఆవిడ స్క్రీన్‌కు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి, ఎడమవైపు జనాన్ని ఒక్కొక్కరినీ చూసింది. కళ్లు తుడుచుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"డాక్టర్ వద్దన్నారు ఆంటీ."

"సరే సరే," అని నవ్వేసి, "మీ మ్యూజియంలో ఏముంటాయి?" అని అడిగింది. అమ్మనడిగి చెప్తానన్నాను.

ఇంటికెళ్లి అమ్మకు ఫోన్ చేశాను. "నన్నెప్పుడన్నా మ్యూజియంకు తీస్కపోయిన్రా?"

"హైదరాబాద్‌ల పోలేదానే? గంటలు కొట్టే గడియారం కాడ జనాన్ని చూసి బెదిరి, ఒకటే ఏడుపు. మీ నాన్న ఎత్తుకుండు."

పై శనివారం ఆ సంగతే ఆంటీకి చెప్పాను. గడియారం ఎలా ఉంటుందో చెప్పమంది. దాని బొమ్మ కోసం ఫోన్ తీశాను.