పిల్లి బొమ్మ డబ్బాలు, వాపస్ పాషా

లోకంలో ఏ దుకాణదారుడైనా సరుకు అమ్మి సంతోషిస్తాడు. మా చాంద్‌పాషా అమ్మి బాధపడేవాడు. బాధపడి ఊరుకుంటే మనకేం పోయింది? సాయంత్రానికల్లా కొన్నవాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, పైసలు చేతిలో పెట్టి, ఆ సరుకు తనకు తిరిగి ఇచ్చేయమని బతిమాలేవాడు. హుజూరాబాద్‌లో చాంద్‌పాషా కొట్టెక్కడ అంటే ఎవరికీ తెలిసేది కాదు. వాపస్ పాషా అంటే మాత్రం చేయి పట్టుకొని తీసుకుపోయి మెట్ల మీద నిలబెట్టేవాళ్లు.

పాత బస్టాండు ఎదురుగా ఆయన కిరాణం, దాని గోడకు ఆనుకొని నా జిరాక్సు దుకాణం. కాబట్టి ఈ వాపసుల బాధ నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నాకు అమ్మిన గొడుగు కోసం ఆయన జోరువానలో వచ్చాడు. అది గాలికి తిరగబడుతుందేమోనని అనుమానం వచ్చిందట. గొడుగు తీసుకొని, తెరవకుండా చంకలో పెట్టుకొని తడుస్తూ బయల్దేరాడు. కనీసం వేసుకొని పొమ్మంటే, "నమ్మకం లేని చీజ్ నెత్తిమీద ఎట్ల పెట్టుకుంట సంపత్" అన్నాడు. ఆ రోజు నేనూ తడిసే ఇల్లు చేరాను.

రాయమల్లు అనే రైతు జమ్మికుంట మార్కెట్ యార్డుకు పత్తి తీసుకుపోతూ, మీద కప్పడానికి పాషా దగ్గర టార్పాలిన్ కొన్నాడు. తెల్లవారేసరికి పాషా ఇంకో టార్పాలిన్ భుజాన వేసుకొని ఆటోలో జమ్మికుంట చేరాడు. నిన్నటిదానికి చిల్లి ఉందేమో చూడాలన్నాడు. చూడటమంటే ఎత్తిపట్టుకొని వెలుతురులో చూస్తాడేమోనని రాయమల్లు అనుకున్నాడు. ఈయన ఎవరిదో బకెట్ తెచ్చి, పత్తి మీద కప్పినదాని మీదే నీళ్లు కుమ్మరించాడు. రాయమల్లుకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క చుక్క లోపలికి దిగలేదు. అయినా పాషా దాన్ని మడతపెట్టి, "ఇయ్యాల దిగలే. రేపు దిగితె నీకు మొఖం ఎట్ల చూపెట్టాలె" అని కొత్తది కప్పి వచ్చాడు.

జనం మాత్రం ఊరుకుంటారా, ఉపాయాలు కనిపెట్టారు. బిస్కెట్లు కొన్నవాళ్లు కొట్టు మెట్ల మీదే తినేసేవాళ్లు. కందిపప్పు కొన్న ఆడవాళ్లు ఇంటికి పోతూనే కుక్కర్ ఎక్కించేవాళ్లు. సబ్బు ఒకసారి తడిస్తే ఇక అది కొన్నవాళ్లదే. ఆయన భార్య సుల్తాన్ బీ ఓసారి మా ఆవిడ దగ్గర నిట్టూర్చిందట, ఊరందరి దగ్గర అన్నీ వాపస్ తెచ్చుకునే మనిషి, తనొక్కదాన్ని మాత్రం పుట్టింటివాళ్లకు వాపస్ ఇవ్వలేదని.

ఇలా నడుస్తుండగా హైదరాబాద్ నుంచి వచ్చిన సేల్స్‌మన్ ఒకడు ఆ కొట్లో పెద్ద అట్టపెట్టె దింపిపోయాడు. లోపల చిన్న చిన్న రేకు డబ్బాలు. మీద చేప బొమ్మ, దాని పక్కన మీసాలు దువ్వుకుంటున్న పిల్లి బొమ్మ. రాతంతా అరబ్బీ. పాషాకు ఆ అక్షరాలు కూడబలుక్కొని చదవడం వచ్చు, అర్థం రాదు. ఒక డబ్బా తిప్పి తిప్పి చదివి, రాత మంచిగానే ఉందన్నాడు.

మా వైపు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ చాలా ఇళ్లల్లో ఒక మనిషి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. సెలవుకు వచ్చినప్పుడు తెచ్చే పెట్టెలో సెంటు సీసా, పాలపొడి, కంబళి, వాటి నడుమ చేప డబ్బాలు. ఆ డబ్బా కూర వండిన రోజు ఆ ఇంటి ఆడవాళ్లు వాకిట్లో నిలబడి నాలుగిళ్లకు వినబడేలా చెబుతారు. గల్ఫ్‌లో మనిషి లేని ఇళ్లవాళ్లు విని గుటకలు మింగుతారు. అలాంటి డబ్బాలు మన పాషా కొట్లో చవగ్గా దొరుకుతున్నాయనేసరికి ఆ గుటకలు మింగిన ఇళ్లన్నీ వచ్చి వరస కట్టాయి.

పిల్లి బొమ్మ ఎందుకని నేనొక్కణ్ణే అడిగాను. ఎదురుగా చాయ్ హోటల్ నడిపే హనుమండ్లు నన్ను జాలిగా చూశాడు. "గుర్రం బొమ్మ అగ్గిపెట్టెల గుర్రం ఉంటదా సారూ" అన్నాడు. ఆ ఆదివారం మా బామ్మర్ది శ్రీహరి వస్తే, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి వేయించి కల్లులోకి పెట్టాను. అతను గిన్నె తుడుచుకొని తిని, ఎంతైనా దుబాయ్ సరుకు దుబాయ్ సరుకే అన్నాడు. పాషా కొట్లో ఎలుకల కోసం పెంచిన పిల్లి మాత్రం పొద్దస్తమానం ఆ అట్టపెట్టె చుట్టూ తిరిగి అరిచేది. దానికి తెలిసిన సంగతి మాకెవరికీ తెలియలేదు.

విచిత్రం ఏమిటంటే, ఈ ఒక్క సరుకు మీద పాషాకు ఏ అనుమానమూ రాలేదు. ఎవరింటికీ పోలేదు, ఎవరినీ బతిమాలలేదు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చొని హాయిగా చాయ్ తాగాడు. సుల్తాన్ బీ సంతోషపడి సేమ్యా కూడా చేసింది.

తర్వాత హైదరాబాద్ నుంచి, ఆ డబ్బాలు పంపిన కంపెనీ ఆయన ఫోనుకు ఇంగ్లీషులో మెసేజ్ పెట్టింది. చదివి చెప్పమని నా దగ్గరకు తెచ్చాడు. గొంతెత్తి మొదలుపెట్టాను గాని, పోనుపోను నా గొంతు సన్నగిల్లింది. పిల్లుల కోసం తయారుచేసిన ఈ డబ్బాల్లో సన్నటి రేకు తునకలు బయటపడ్డాయి, పిల్లులకు పెట్టవద్దు, అమ్మినవాటిని వెంటనే వెనక్కి తెప్పించండి అని దాని సారాంశం. నా చేయి దానంతటదే కడుపు మీదికి పోయింది.

"పిల్లులకా?" అన్నాడు పాషా.

"పిల్లులకే."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. బతుకంతా లేని తప్పుల కోసం ఇల్లిల్లూ తిరిగిన మనిషి. నిజంగా తప్పున్న సరుకును పట్టుకోలేకపోయాడు. అన్నిటినీ అనుమానించి ఈ ఒక్కదాన్ని వదిలేస్తినని తల పట్టుకున్నాడు. ఆయన్ను చూస్తే, నేను తిన్న కూర సంగతి కూడా మరిచిపోయి నాకు జాలేసింది.

నేను సులువైన దారి చెప్పాను. ఇది పిల్లి తిండి అని బస్టాండులో ఒక్క కేక వేస్తే చాలు, పొద్దుగూకేలోపు డబ్బాలన్నీ మోరీ కాలువలో ఉంటాయి. పాషా తల అడ్డంగా ఊపాడు.

"రేకు ముక్కలున్నయని చెప్త. పిల్లి తిండని చెప్ప."

"ఎందుకు చెప్పవు?"

"మేం గూడ దుబాయ్ కూర తిన్నమని సంబురపడ్డరు సంపత్. గిప్పుడు పిల్లి కూడు తిన్నరని దుబాయోళ్ల ఇండ్లల్ల నవ్వుతరు. తప్పు నాది. నవ్వితె నన్ను జూసి నవ్వనీ."

పిల్లిని కొట్టు బయటికి తోలి, మిగిలిన డబ్బాల మీద తాళం వేసి, ఇల్లిల్లూ బయల్దేరాడు. ప్రతి గడపలోనూ ముందు కడుపు ఎట్లుంది, గొంతు ఎట్లుంది అని అడిగాడు. ఏ కాస్త నొప్పిగా ఉన్నా దవాఖానకు తానే తీసుకుపోతానన్నాడు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత అసలు మాటకు వచ్చి, డబ్బాల్లో రేకు ముక్కలున్నాయి, ఇచ్చేయండి అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఎందుకు నవ్వరు? ఈయనే కదా బియ్యంలో గాజుపెంకులున్నాయన్నాడు, దిండులో జెర్రి ఉందన్నాడు, ఏ లోపమూ లేని ఇస్త్రీపెట్టె షాక్ కొడుతుందన్నాడు.

ఉత్తచేతులతో అడిగితే లాభం లేదని, అసలైన చేప డబ్బాలు తెప్పించి ఒకటికి రెండు బదులు ఇస్తానన్నాడు. దాంతో ఉన్నది కాస్తా చెడింది. ఒకటికి రెండిస్తున్నాడంటే లోపల ఏదో ఉండే ఉంటుందని హనుమండ్లు తేల్చాడు. దుబాయ్ నుంచి బంగారం దేంట్లో పడితే దాంట్లో పెట్టి తెస్తున్నారట, ఇందులో ఎందుకు పెట్టరు? ఇక డబ్బాలు అటకలెక్కాయి, బియ్యం డబ్బాల్లో దాక్కున్నాయి. చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసినవాళ్లే గాని, తెరిచి తినడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. ఆ మేరకు హనుమండ్లు మేలే చేశాడు.

బంగారం మాట పట్టించుకోనిది ఒక్క కొమురవ్వే. బస్టాండు దగ్గర కూరగాయలమ్మే ఆమె. బిడ్డ కోమల తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, నెలలు నిండుతున్నాయి. పుల్లపుల్లగా చేప కూర తినాలని ఉందని కోమల అడిగితే, దాచిన డబ్బాను పొద్దున వండుతానని కొమురవ్వ బజారులో చెప్పింది. ఆ మాట పాషా చెవిన పడింది. రేకు ముక్క ఆ పిల్ల గొంతులోనో కడుపులోనో గుచ్చుకుంటే ఏం గాను? నన్ను వెంటబెట్టుకొని వాళ్ల ఇంటికి ఉరికాడు.

కొమురవ్వ నవ్వలేదు. డబ్బాను కొంగులో చుట్టుకొని గడపలో నిలబడింది.

"పాషా భాయ్, చాట వాపస్ అడిగితె ఇచ్చిన. తాళం అడిగితె ఇచ్చిన. ఇది మాత్రం ఇయ్య. దుబాయ్ల మాకెవ్వలున్నరు పంపుటానికి? కడుపుతోనున్న పిల్ల నోరిడిచి అడిగింది. అందరి బిడ్డలు తింటరు, నా బిడ్డ తినద్దా?"

నాకు ఓపిక నశించింది. ఒక్క మాట అంటే అయిపోయేదానికి ఇంత తిప్పలేమిటని నోరు తెరిచాను. పాషా నా మణికట్టు పట్టుకొని ఒక్క నొక్కు నొక్కాడు. అంత బక్క మనిషికి అంత బలం ఎక్కడిదో. ఆయన లోపల నిలబడ్డ కోమల వైపు చూసి, మెల్లగా అన్నాడు.

"వాపస్ వద్దు కొమురక్కా. వండుటానికి ఇయ్యి. దీన్ని వండే తీరు వేరే ఉంటది, సుల్తాన్ బీకి ఎరుక. ఆమె వండి తెస్తది. నిండు చూలాలికి వాడకట్టోళ్లు వండి పెట్టద్దా?"

ఇక కొమురవ్వ ఏమంటుంది? చూలాలి కోసం పొరుగింటివాళ్లు వండి తెస్తామంటే వద్దనడం మా దగ్గర లేదు, పుట్టే బిడ్డకు మంచిది కాదంటారు. కొంగు ముడి విప్పి, గిన్నె నిండా రావాలని మరీ మరీ చెప్పి డబ్బా ఇచ్చింది.

పాషా అటు నుంచి అటే పోయి మానేరు వాగులో పట్టిన పెద్ద చేప తెచ్చాడు. డబ్బా చేపకు ముల్లుండదు కదా, అందుకని సుల్తాన్ బీ చేపను ఉడికించి, ముళ్లు ఏరి, మెత్తగా మెదిపి, చింతపండు పులుసులో వండింది. ఏరినంతసేపూ ఉర్దూలోనూ తెలుగులోనూ మొగుణ్ణి తిట్టింది. కోమల గిన్నె ఖాళీ చేసి వేళ్లు నాకిందని కబురొచ్చాక గాని తిట్లు ఆపలేదు.

మరునాడు కొట్టు ముందు జరిగింది నేను కళ్లారా చూశాను. ఆడవాళ్లు డబ్బాలు పట్టుకొని నిలబడ్డారు. మాదీ భాభీతో వండించు, మాదీ వండించు అని పాషా చేతుల్లో పెట్టారు. బతిమాలకుండా సరుకు వాపస్ రావడం ఆయన జన్మలో మొదటిసారి. ఎటు చూడాలో తెలియక తెల్లమొహం వేసుకొని నిలబడ్డాడు. తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో చేపలే చేపలు. మా ఆవిడా నేనూ కూడా పీటలేసుకొని ముళ్లు ఏరాం. ఆఖరి డబ్బా వచ్చేదాకా ఆయన సరిగ్గా తిననూ లేదు. అన్నీ అట్టపెట్టెలో పెట్టి హైదరాబాద్ పంపించాక, ఇప్పుడైనా సంతోషమేనా అని అడిగాను. అందరికీ అబద్ధం చెప్పినందుకు బాధగా ఉందన్నాడు.

ఈ ఎండాకాలంలో సుల్తాన్ బీకి మోకాళ్లు పట్టేశాయి. కూతురు ఫిర్దోస్ వచ్చి ఇద్దరినీ తన ఊరు భైంసా తీసుకుపోయింది. ఆ కొట్లో ఇప్పుడు మొబైల్ షాపు పెట్టారు. మొన్న అక్కడ కొన్న చార్జర్ ఇంటికొచ్చేలోపే కాలిపోయింది. సాయంత్రం దాకా చూశాను, ఎవరూ తలుపు కొట్టలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ విసుక్కున్నాను గాని, పొద్దుగూకే వేళ ఇప్పుడు ఏమీ తోచడం లేదు.

పోయిన వారం కొమురవ్వ మనవడి బర్త్ సర్టిఫికెట్ జిరాక్సుకు నా దుకాణానికి వచ్చింది. పాషా భాయ్ ఎట్లున్నడని అడిగింది. కాగితాలు మడతపెట్టుకుంటూ, డబ్బా చేపకు ముల్లుంటదా అంది. నేను తెలియనట్టు మొహం పెట్టాను.

"నటించకు సంపత్. కోమలకు రెండో ముద్దలనే ముల్లు దొరికింది. మానేరు చేప నాకు ఎరుకలేదా? డబ్బల ఏమున్నదో ఆయన చెప్పలే, నేను అడుగలే. మాకు సిగ్గు గావద్దని అంత మంచి చేప దెచ్చి, ముండ్లేరి పెట్టిండు. నేనే వాడకట్టు ఆడోళ్లకు చెప్పిన, డబ్బలు తీస్కపోయి ఇచ్చెయ్యుండ్రి, పాపం పరేషాన్ అయితుండని."

ఆమె మెట్లు దిగుతూ మళ్లీ వెనక్కి తిరిగింది.

"ముల్లు సంగతి ఆయనకు చెప్పకు. చెప్తె భైంసల బస్సెక్కి, గా కూర వాపస్ ఇయ్యమని వస్తడు."

ఆమె అటు పోగానే నేను ఫోన్ తీసి పాషాకు కలిపాను. కోమల తిన్న కూరలో ముల్లు వచ్చిందట భాయ్ అన్నాను. అవతల నుంచి సన్నగా ఆయన గొంతు వినబడింది.

"పొద్దుగాల బస్సుకు వస్తున్న సంపత్."

ఫోన్ పెట్టేసి, రేపు ఒక మనిషికి ఎక్కువ వండమని మా ఆవిడకు చెప్పాను.